వయసు మళ్లినవారి ఇళ్లు: ఊరి చివర కాలనీయా, ఉన్న ఇంటికి మరమ్మతులా, పాత వీధిలోనే చిన్న ఇల్లా?

పెద్దవాళ్ల ఇళ్ల కోసం ఒక పట్టణ పాలక సంస్థ కొంత సొమ్ము పక్కన పెట్టిందనుకుందాం. దాని ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. ఊరి చివర చవకగా దొరికే భూమిలో వృద్ధుల కోసమే పెద్ద కాలనీ కట్టొచ్చు. వాళ్లు ఇప్పుడుంటున్న ఇళ్లనే వాళ్లకు వీలుగా మార్చుకోవడానికి సాయం చేయొచ్చు. లేదా బజారుకీ బస్టాపుకీ దగ్గర్లో, మామూలు ఇళ్ల మధ్యే చిన్న ఇళ్లు కట్టొచ్చు. ఈ మూడింటినీ పోల్చేటప్పుడు ఖర్చు కన్నా ముందు నేను చూసేది ఒకటుంది: ఆ ఇంట్లో ఉండే మనిషి ఎవరి తోడూ లేకుండా నడిచి ఎక్కడిదాకా వెళ్లిరాగలరు?

కాలనీకి ఉన్న బలం తక్కువదేం కాదు. మొదటి నుంచీ కట్టుకొస్తారు కాబట్టి గడపలు లేకుండా, తలుపులు వెడల్పుగా, లిఫ్టుతో కట్టొచ్చు. రాత్రిపూట ఒక నర్సు చాలామందిని కనిపెట్టుకుని ఉండొచ్చు. మతిమరుపు ముదిరి ఒంటరిగా వదలలేని స్థితికి వచ్చినవాళ్లకు ఇలాంటి చోటే భద్రం. కానీ మందుల షాపుకి వెళ్లాలన్నా బస్సెక్కాల్సిన చోట ఇల్లిస్తే, కాళ్లు బాగున్న మనిషి కూడా ఇంటికే పరిమితమైపోతాడు. పాత ఇరుగుపొరుగు వచ్చిపోవడం కష్టమవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అందరూ ఒకే వయసులో చేరితే, కొన్నేళ్లకు అందరికీ ఒకేసారి ఆసరా కావాల్సి వస్తుంది.

డెన్మార్క్ 1987లో చేసిన చట్టంతో పాత తరహా సంరక్షణ కేంద్రాలు కొత్తగా కట్టడం ఆపేసి, ఎవరి వంటగది, బాత్రూం వాళ్లకుండే ఇళ్ల వైపు మళ్లింది. ఎలాంటి ఇంట్లో ఉన్నారన్నది కాక, ఎంత సాయం కావాలన్నది చూసి మున్సిపాలిటీ మనుషులే ఇంటికి రావడం అక్కడి పద్ధతి. సేవ ఇంటికే వస్తుంటే, సేవ కోసం ఊరి చివరికి మారాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

ఇక మరమ్మతులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది కింద పడిపోవడం వల్ల చనిపోతున్నారు. వాళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. కాలు జారని నేల, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి వెలిగే చిన్న లైటు: ఇవి ఇల్లు మారకుండానే, కొద్ది రోజుల్లో అయిపోయే పనులు. సింగపూర్ 2012లో మొదలుపెట్టిన ఈజ్ పథకం సరిగ్గా ఇదే చేస్తుంది. కడ్డీలు, జారని నేల, ర్యాంపుల ఖర్చులో చాలా భాగం ప్రభుత్వమే భరిస్తుంది.

అయితే మరమ్మతుకీ ఒక హద్దుంది. వీల్‌చైర్ ర్యాంపుకు చాలా దేశాల్లో వాడే వాలు 1:12, అంటే ఎత్తుకు పన్నెండు రెట్లు పొడవు. ఇంటి ముందు 15 సెంటీమీటర్ల మెట్లు మూడున్నాయంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. గుమ్మం దిగగానే రోడ్డున్న ఇంటికి అంత చోటెక్కడిది? లోపల వీల్‌చైర్ తిరగాలంటే దాదాపు మీటరున్నర వెడల్పు ఖాళీ కావాలి. పాత బాత్రూంలలో అది అరుదు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఎన్ని కడ్డీలు బిగించినా మనిషి కిందికి రాలేడు. అద్దె ఇళ్లలో గోడకు డ్రిల్లు పెట్టాలన్నా ఓనర్ ఒప్పుకోవాలి. పథకం రాసేటప్పుడు అద్దెకున్నవాళ్లను మర్చిపోతే, ఎక్కువ అవసరమున్నవాళ్లకే సాయం అందదు.

అలాంటివాళ్లకు పనికొచ్చేది మూడో దారి. సింగపూర్‌లోనే కంపుంగ్ అడ్మిరల్టీ అనే భవనంలో పెద్దవాళ్ల కోసం 104 చిన్న ఫ్లాట్లున్నాయి. వైద్య కేంద్రం, తినుబండారాల దుకాణాలు, పిల్లల సంరక్షణ కేంద్రం అదే ఆవరణలో ఉన్నాయి, మెట్రో స్టేషన్ పక్కనే. ఇంత పెద్ద ఎత్తున చేయలేని పట్టణమైనా, వీధికి నాలుగైదు ఇళ్ల చొప్పున కట్టగలదు. తెలిసిన వీధిలోనే చిన్న ఇల్లు దొరికితే, నిర్వహించలేని పెద్ద ఇంటిని వదిలి రావడానికి చాలామంది సిద్ధపడతారు. ఆ ఇల్లు పిల్లలున్న కుటుంబానికి అందుతుంది. కష్టమల్లా భూమి ధర. ఊరి నడుమ స్థలం ఖరీదు, పని నెమ్మది, ఇళ్లు కొన్నే వస్తాయి.

నన్నడిగితే సొమ్ము ముందు మరమ్మతులకు, తర్వాత వీధిలోని చిన్న ఇళ్లకు వెళ్లాలి. పూర్తి సంరక్షణ కావాల్సినవాళ్ల కోసం కట్టే కేంద్రం కూడా ఊరి మధ్యనే, చిన్నదిగా ఉండాలి. మరమ్మతులకు ప్రారంభోత్సవాలుండవు కాబట్టి బడ్జెట్‌లో అవి వెనకబడిపోతుంటాయి. వాటి కోసం కౌన్సిలర్లు గట్టిగా నిలబడాలి.

డబ్బు పెద్దగా అక్కర్లేని పని ఇంకోటి పాలక సంస్థల చేతిలోనే ఉంది. ఇంగ్లాండ్‌లో 2015 నుంచి స్థానిక కౌన్సిళ్లు తమ ప్రణాళికలో రాసుకుంటే, కొత్తగా కట్టే ఇళ్లలో నిర్ణీత భాగం మెట్టు లేని ప్రవేశంతో, తర్వాత మార్చుకోవడానికి వీలుగా ఉండాలని బిల్డర్లకు షరతు పెట్టొచ్చు. కట్టేటప్పుడే బాత్రూం గోడను కడ్డీ బరువు మోసేలా కడితే, ఆ తర్వాత గోడ పగలగొట్టే పని ఉండదు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే బస్టాపు దగ్గర కొన్ని ప్లాట్లు పెద్దవాళ్ల ఇళ్లకని రాసిపెట్టడం కూడా అప్పుడే కుదురుతుంది. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక మళ్లీ మిగిలేది ఊరి చివరి భూమే.