(6,5) కార్బన్ నానోట్యూబుల పొడి: తీవ్రకాంతి ప్రయోగాలకు ఎంతవరకు తగును?

తీవ్రమైన కాంతి పడినప్పుడు కార్బన్ నానోట్యూబుల్లోని (కార్బన్ పరమాణువుల అతిసన్నని గొట్టాల్లోని) ఎక్సిటాన్లు, అంటే ఎలక్ట్రాను, అది వదిలిన ఖాళీ (రంధ్రం) కలిసిన జతలు, ఎలా ప్రవర్తిస్తాయో చూడదలచిన ప్రయోగశాలలకు, కోమోక్యాట్ పద్ధతిలో తయారై (6,5) రకం ట్యూబులు అధికంగా ఉండే పొడిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ పద్ధతిలో కోబాల్ట్, మాలిబ్డినం ఉత్ప్రేరకాల మీద కార్బన్ మోనాక్సైడ్ నుంచి ఒకే గోడ గల సన్నని ట్యూబులు పెరుగుతాయి. (6,5) అనే అంకెలు కార్బన్ పొర ట్యూబుగా చుట్టుకున్న తీరును తెలుపుతాయి; ఈ రకం ట్యూబు వ్యాసం సుమారు 0.76 నానోమీటర్లు.

నీటిలో విడివిడిగా చెదిరిన ఈ ట్యూబులు 570 నానోమీటర్ల దగ్గర కాంతిని గ్రహించి, 980 నానోమీటర్ల పరిసరాల్లో వెలుగుతాయి. అక్కడ సిలికాన్ డిటెక్టరు బలహీనంగానైనా పనిచేస్తుంది కనుక, ఖరీదైన పరారుణ కెమెరా కొనలేని కళాశాలలకు ఇది నిజమైన మేలు.

ఎలక్ట్రాను, రంధ్రం జతకట్టి ఏర్పడే ఎక్సిటాను బంధనశక్తి ఈ ట్యూబుల్లో దాదాపు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు; గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి 0.026 మాత్రమే కాబట్టి ఆ జత తేలికగా విడిపోదు. లేజరు తీవ్రతను పెంచినకొద్దీ ఒకే ట్యూబులో ఎక్సిటాన్ల సంఖ్య పెరుగుతుంది, అవి ట్యూబు పొడవునా అటూ ఇటూ కదులుతూ, పొలం గట్టు మీద ఎదురుపడిన ఇద్దరిలా తప్పుకునే చోటు లేక కలుసుకుంటాయి, అప్పుడు ఒకటి తన శక్తిని రెండోదానికి ఇచ్చి అంతరిస్తుంది. అందువల్ల కాంతిని ఎంత పెంచినా వెలుగు ఆ నిష్పత్తిలో పెరగక ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. మురకామి, కోనో అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, తీవ్రత హెచ్చినకొద్దీ ప్రేరణ వర్ణపటంలోని (పడే కాంతి రంగును బట్టి వెలుగు ఎలా మారుతుందో చూపే గీతలోని) శిఖరాలు వెడల్పై చదునవడం కనిపించింది. ఒకే రకం ట్యూబులు మెండుగా ఉన్న నమూనాలో ఇలాంటి మార్పును ఏ రకానికి చెందినదో సందేహం లేకుండా గుర్తించవచ్చు. నా దృష్టిలో ఈ పొడి విలువంతా ఇక్కడే ఉంది.

లోపాలూ ఉన్నాయి. పొడిని సోడియం కోలేట్ వంటి సర్ఫాక్టెంటుతో (సబ్బులాంటి పదార్థంతో) నీటిలో కలిపి, అతిధ్వని తరంగాలతో విడదీసి, కట్టలుగా మిగిలినవాటిని సెంట్రిఫ్యూజులో తొలగించాలి. అతిధ్వనిని ఎక్కువసేపు ప్రయోగిస్తే ట్యూబులు పొట్టివైపోతాయి, కొసలకు చేరిన ఎక్సిటాన్లు వెలగకుండానే నశిస్తాయి. అప్పుడు వెలుగు హద్దు దగ్గర ఆగిపోవడానికి కారణం పరస్పర వినాశనమా, కొసల ప్రభావమా అన్నది తేల్చడం కష్టమవుతుంది. (7,5), (8,3) వంటి రకాలు కూడా కొంత మిగిలి ఉంటాయి కాబట్టి, కొనేటప్పుడు ఆ విడతకు సంబంధించిన శోషణ వర్ణపటాన్ని తప్పక అడిగి తీసుకోవాలి. ఒక్క ట్యూబునే విడిగా పరిశీలించే ప్రయోగాలకు మాత్రం ఈ పొడి కంటే, ఫలకంలో చెక్కిన సన్నని కందకం మీద గాలిలో వేలాడేలా పెంచిన పొడవైన ట్యూబులే మేలు.