సభలకు మినీబస్సు అద్దె: అమలాపురం నుంచి రాజమండ్రి దాకా

నాయకుడి సభకు ఊళ్ల నుంచి కార్యకర్తల్ని తీసుకెళ్లే 26 సీట్ల బండి ఇది. బండికి వంక పెట్టలేం గానీ బేరంలోనే మెలిక ఉంది. రోజు అద్దె అంటారు, వెయిటింగ్ చార్జీ మాట ఎత్తరు. నాయకుడు రెండింటికి వస్తాడంటే అయిదు దాటడం మామూలే, ఆ గంటలన్నీ మన ఖాతాలోనే పడతాయి. డీజిలు, డ్రైవరు బత్తా, వెయిటింగ్ మూడూ కలిపి ముందే కాగితం మీద రాయించుకోవాలి.

డ్రైవర్లకు దారి కొట్టిన పిండి. కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటిస్తారు. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. తిరుగులో బళ్లన్నీ ఒక్కసారే రోడ్డెక్కి వంతెన దగ్గర ఇరుక్కుంటాయి. ప్రసంగం ముగిసేలోపే బండిని హైవే వైపు తిప్పి పెట్టించాలి.

జెండా కర్రల్ని టాపు మీద నిలబెట్టనివ్వరు, మంచి పనే. కొబ్బరితోటల దారుల్లో కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి, పచ్చి వెదురు తగిలితే అంతే. పడుకోబెట్టి తాడుతో బిగించాలి. కర్రలకు బదులు పీవీసీ గొట్టాలు తేలికే గానీ, ఎండకి వంగిపోతాయి.

20 లీటర్ల నీళ్ల టిన్నులు రెండిస్తారు. మే నెలలో అవి మధ్యాహ్నానికే ఖాళీ, ఇంకొకటి అడిగి వేయించుకోండి. పులిహోర బండివాళ్లే తెస్తామంటే మాత్రం ఆరబెట్టి పొట్లాలు కట్టమనండి. వేడి మీద కట్టేస్తే చెమ్మ పట్టి సాయంత్రానికి పులిసిన వాసనే. ఆడవాళ్ల కోసం పెట్రోలు బంకు దగ్గర ఆపమంటే విసుక్కుంటారు, అదీ బేరంలోనే తేల్చుకోవాలి.