కొత్త ప్రోగ్రామా, వార్నింగ్ ఉన్న పాత ప్రోగ్రామా: ర్యాంక్ లిస్టులో ఏది పైన?

అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (డాక్టర్లు హాస్పిటల్‌లో చేసే మూడేళ్ల ట్రైనింగ్) ఇంటర్వ్యూలు ముగిసి ర్యాంక్ లిస్టు, అంటే నచ్చిన ప్రోగ్రామ్‌ల వరుస, వేసుకునే రోజుల్లో జూనియర్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఒక పక్క ఈమధ్యే పెట్టిన ప్రోగ్రామ్ ఉంది, ఇంకా ఇనిషియల్ అక్రెడిటేషన్‌లోనే, అంటే తొలి దశ గుర్తింపులోనే నడుస్తోంది. ఇంకో పక్క ఎన్నో ఏళ్ల పాత ప్రోగ్రామ్. పేరుంది, సొంత ఫెలోషిప్‌లున్నాయి (రెసిడెన్సీ తర్వాత చేసే స్పెషాలిటీ ట్రైనింగ్), కానీ రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే సంస్థ ఏసీజీఎంఈ దానికి వార్నింగ్ ఇచ్చింది. ఏది పైన పెట్టాలి?

ముందు ఒక భయం తీరాలి. ఇనిషియల్ అయినా, వార్నింగ్ ఉన్నా, చివరికి ప్రొబేషన్‌లో (వార్నింగ్ కన్నా తీవ్రమైన హోదా) ఉన్నా అది అక్రెడిటేషన్ ఉన్న ప్రోగ్రామే. అక్కడ మూడేళ్లూ పూర్తిచేస్తే బోర్డు పరీక్షకు (స్పెషలిస్టు సర్టిఫికెట్ పరీక్ష) గానీ, రాష్ట్ర లైసెన్సుకు గానీ ఆ ట్రైనింగ్ లెక్కకు వస్తుంది. చిక్కంతా మీ మూడేళ్లు నిండకముందే అక్రెడిటేషన్ పోతే ఏమిటన్నదే. అప్పుడు వేరేచోట సీటు వెతుక్కోవాలి. అమెరికా పౌరులకు అది పెద్ద ఇబ్బంది. జే-1 (ట్రైనింగ్ కోసం వచ్చే విదేశీయుల వీసా) మీద ఉన్నవాళ్లకు అంతకుమించి, ఎందుకంటే సీటు లేకపోతే ఆ వీసాకు ఆధారమే ఉండదు.

ఇనిషియల్ అన్న మాట చూసి చాలామంది అనవసరంగా జంకుతారు. అది మచ్చ కాదు. ప్రతి ప్రోగ్రామూ అక్కడే మొదలవుతుంది. సుమారు రెండేళ్లకు సైట్ విజిట్ జరుగుతుంది, అన్నీ సరిగ్గా ఉంటే కంటిన్యూడ్ (కొనసాగే గుర్తింపు) హోదా వస్తుంది. అసలు లోటు వేరే ఉంది. మొదటి బ్యాచ్‌వాళ్లకు పైన సీనియర్లుండరు. అర్ధరాత్రి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి గొట్టం) పెట్టాల్సివస్తే పక్కన నిలబడి చేయించే థర్డ్ ఇయర్ ఉండరు, అటెండింగే (ట్రైనింగ్ ముగిసిన పెద్ద డాక్టర్) రావాలి. బోర్డు పాస్ శాతం అడిగితే చెప్పడానికి ఒక్క బ్యాచ్ కూడా బయటికి వచ్చి ఉండదు. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కొత్తగా టీచింగ్ మొదలుపెట్టిన హాస్పిటల్‌కు మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బులిచ్చే రెసిడెంట్ సీట్ల పరిమితి మొదటి అయిదేళ్లలోనే ఖాయమవుతుంది. అందుకే ఆ అయిదేళ్లలో సీట్లు గబగబా పెంచాలన్న ఆత్రం ఉంటుంది. సీట్లతో పాటు నేర్పేవాళ్లు కూడా పెరుగుతున్నారా అని అడగండి.

ఇక వార్నింగ్. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే ఒకే మాట కింద రెండు వేరువేరు జబ్బులుంటాయి. బోర్డు ఫలితాలు పడిపోయి వార్నింగ్ రావచ్చు. మూడేళ్ల మొత్తం మీద మొదటి ప్రయత్నంలో పాసయినవాళ్ల శాతం దేశంలో అట్టడుగు అయిదు శాతం ప్రోగ్రామ్‌లలోకి జారి, 80కి కూడా చేరకపోతే అది లోపంగానే లెక్క. రీసెర్చ్ తక్కువని కూడా రావచ్చు. ఇలాంటివైతే నేను పాత ప్రోగ్రామ్‌నే పైన పెట్టమంటాను. చదువు చాలావరకు మీ చేతిలో ఉంటుంది. అక్కడి కార్డియాలజీ ఫ్యాకల్టీ రాసే సిఫార్సు లేఖ మాత్రం కొత్తచోట అంత తేలిగ్గా దొరకదు.

డ్యూటీ గంటలు, సూపర్‌విజన్, రెసిడెంట్లను బెదిరించడం లాంటి కారణాలతో వచ్చిన వార్నింగ్ అయితే నా జవాబు తిరగబడుతుంది. వారానికి 80 గంటలు, ఏడు రోజుల్లో ఒకరోజు సెలవు అన్నవి నాలుగు వారాల సగటు మీద చూసే లెక్కలు. అంత వెసులుబాటు ఉండి కూడా దాటిపోయారంటే అక్కడ మనుషులు చాలడం లేదని అర్థం. ఆ బరువు మోయాల్సింది వచ్చే ఇంటర్న్‌లే (మొదటి ఏడాది రెసిడెంట్లు), అంటే మీరే.

ఈ లోపాలు బయటపడేది ఎక్కువగా ఏసీజీఎంఈ ఏటా పంపే రెసిడెంట్ సర్వేలో. పేర్లు బయటికి రావు. అయినా సర్వే మెయిల్ వచ్చిన రోజు వర్క్‌రూమ్‌లో అందరిదీ ఒకటే టెన్షన్: నిజం రాస్తే అక్రెడిటేషన్‌కే ఎసరు, నష్టపోయేది మనమే. 80 గంటలు దాటాయా అన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అందుకే మచ్చలేని హోదాను చూసి అక్కడంతా బాగుందని అనుకోలేం. వార్నింగ్ వచ్చినచోట కనీసం రెసిడెంట్లు నోరు విప్పారు. ఆ ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. దానికి ప్రోగ్రామ్ ఏం జవాబిచ్చిందన్నదే తేల్చుకోవాలి.

ఇంటర్వ్యూలో సూటిగా అడగండి: “ఏ సైటేషన్లు (ఏసీజీఎంఈ ఎత్తిచూపిన లోపాలు) వచ్చాయి, తర్వాత ఏం మార్చారు?” నైట్ ఫ్లోట్ (రాత్రి డ్యూటీకి వేరే టీమ్) పెట్టాం, పేషెంట్లు ఎక్కువైతే నాన్-టీచింగ్ టీమ్ (రెసిడెంట్లు లేనిది) తీసుకుంటుంది అని డైరెక్టర్ తడుముకోకుండా చెబితే ఆ ప్రోగ్రామ్ బాగుపడుతున్నట్టే. అదంతా పేపర్ వర్క్ గొడవ అని దాటేస్తే లిస్టులో కిందకు దించేయండి.

ప్రొబేషన్ సంగతికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, రెండింటికీ కిందే. ఆ హోదా వరుసగా రెండు వార్షిక సమీక్షలకు మించి సాగదు. ఈలోగా బాగుపడాలి, లేదా అక్రెడిటేషన్ పోవాలి. ఆ తీర్పు సరిగ్గా మీ మూడేళ్లలోనే పడుతుంది. ప్రొబేషన్ ఉంటే అభ్యర్థులకు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. మిగతా హోదాలు ఏసీజీఎంఈ వెబ్‌సైట్‌లో ప్రోగ్రామ్ పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

అక్రెడిటేషన్ కాపాడలేని ప్రమాదం ఒకటుంది, హాస్పిటల్ ఆర్థిక పరిస్థితి. 2019లో ఫిలడెల్ఫియాలో హానెమన్ హాస్పిటల్ దివాలా తీసి మూతపడితే 550 మందికి పైగా రెసిడెంట్లు, ఫెలోలు ఉన్నపళాన వేరే చోట్లు వెతుక్కున్నారు. కాబట్టి పాతదైనా కొత్తదైనా, హాస్పిటల్ ఈమధ్య చేతులు మారిందా, ఏవైనా విభాగాలు మూసేసిందా అని ఆ ఊరి వార్తల్లో వెతకండి. తర్వాత డైరెక్టర్ లేనప్పుడు సెకండ్ ఇయర్ రెసిడెంట్ ఒకరితో పది నిమిషాలు మాట్లాడండి. పోయిన నెల ఎన్ని ఆదివారాలు ఇంట్లో ఉన్నారో అడగండి.