బత్తాయి తోట నుంచి మాండరిన్ తోటకు: ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసాతో నా ఏడాది

మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలం. నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. డిగ్రీ అయ్యాక నల్లగొండలో ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని, నెలకు పదహారు వేలకు. ఆ జీతం దాచుకుని దేశాలు తిరగడం ఈ జన్మకు జరగదని తెలుసు. అందుకే పరాయి దేశంలో కొన్నాళ్లు పనిచేసి, ఆ డబ్బుతోనే నెలల తరబడి తిరిగే దారి కోసం రెండేళ్లు వెతికాను. దొరికింది ఆస్ట్రేలియా వారి వర్క్ అండ్ హాలిడే వీసా, 462 రకం. దీనికి ఐదులో నాలుగు ఇస్తున్నాను.

మన దేశానికి ఇది 2024లోనే మొదలైంది. ఏడాదికి వెయ్యి మందికే ఇస్తారు, అదీ లాటరీలో. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు ఉండాలి. మొదటి విడతలో అక్టోబర్ 1 నుంచి 31 దాకా పేర్లు తీసుకున్నారు. నమోదు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే సుమారు పద్నాలుగు వందల రూపాయలు. పేరు వచ్చాక వీసాకు 650 డాలర్లు కట్టాను. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో సగటున 4.5 వస్తే చాలు. కష్టమల్లా ఖాతాలో చూపించాల్సిన 5,000 డాలర్లతోనే. ఆ ఏడాది కాపు అమ్మిన డబ్బు నాన్న మారు మాట్లాడకుండా నా ఖాతాలో వేశారు. లేకపోతే నా ప్రయాణం అక్కడే ఆగిపోయేది.

నమోదుకు ముందు క్లాక్ టవర్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. మూడు లక్షలు కడితే లాటరీలో పేరు వచ్చేలా చూస్తామన్నారు. ఈ లాటరీని కంప్యూటర్ తీస్తుంది, మధ్యలో ఎవరి చేయీ పడదు. ఇంటికి వచ్చి ఫోనులో నేనే నింపుకున్నాను, అరగంట కూడా పట్టలేదు. దయచేసి దీనికోసం ఎవరికీ లక్షలు ఇవ్వకండి.

2025 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో దిగాను. మొదటి ఊళ్లో పని ఇప్పించే హాస్టల్ ఒకటి ఉందంటే వెళ్లాను. రెండు వారాల అద్దె ముందే తీసుకుని, రేపు మాపు అంటూ ఖాళీగా కూర్చోబెట్టారు. పని కావాలంటే అక్కడే ఉండాలి, బయటికి వెళితే పని లేదు. నేను తగ్గించిన ఒక్క మార్కు దీనికే. వీసా చేతికి వచ్చాక మీ బాగోగులు చూసేవారు ఎవరూ ఉండరు. ఇరవై రెండేళ్ల పిల్లలు చేతిలో డబ్బు అయిపోయి ఏడవడం అక్కడ చూశాను.

తర్వాత అదే రాష్ట్రంలోని గెయిండా అనే ఊరి వైపు వెళ్లాను. అక్కడంతా మాండరిన్ తోటలు, మన కమలాపండు లాంటిదే. మొదటి రోజు ఆ చెట్ల మధ్య నిలబడితే మా తోట వాసనే వచ్చింది, కళ్లు చెమర్చాయి. అయితే కోత వేరు. మేము బత్తాయిని మెలితిప్పి తెంపుతాం. మాండరిన్‌ను అలా లాగితే తొడిమ దగ్గర తొక్క చిరుగుతుంది. చిన్న కత్తెరతో రెండుసార్లు కత్తిరించాలి: మొదట కొమ్మ నుంచి, తర్వాత తొడిమను కాయకు సమానంగా. మొన తేలితే పక్క కాయకు గుచ్చుకుంటుంది. ఉదయం మంచు ఆరేదాకా చెట్టును తాకనివ్వరు. తడి కాయను నలిపితే తొక్కలోని నూనె చిట్లి మచ్చ పడుతుంది. ఇదంతా ఫోనులో చెబితే నాన్న ఆసక్తిగా విని, "తూకంలో తరుగు తీస్తారా బిడ్డా?" అని అడిగారు. కూలి నాకు గంటల లెక్కన ఇస్తారు, తూకంతో నాకు పని లేదు నాన్నా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక డబ్బు లెక్క. అప్పటికి దేశవ్యాప్త కనీస వేతనం గంటకు 24.10 డాలర్లు. సెలవులూ భద్రతా లేని తాత్కాలిక కూలీకి దానిపై 25 శాతం అదనం. మొదటి 45,000 డాలర్ల సంపాదనపై 15 శాతం పన్ను. యజమాని ఈ వీసావాళ్ల కోసం పన్నుల శాఖలో నమోదు కాకపోతే 30 శాతం కోస్తారు కాబట్టి చేరేముందే అడగండి. పదహారు వారాల్లో అద్దె, తిండి పోను తొమ్మిది వేల డాలర్లు మిగిలాయి. నల్లగొండ ఆఫీసులో రెండున్నరేళ్ల జీతం కన్నా ఎక్కువ. పదవీ విరమణ నిధి కింద యజమాని వేసిన డబ్బును దేశం వదిలాక అడిగి తీసుకోవచ్చు, కానీ అందులో 65 శాతం పన్నుకే పోతుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆ తొమ్మిది వేలతో టాస్మానియా చూశాను, పెర్త్ చూశాను. అక్కడి నుంచి ఇండోనేషియాలోని బాలి దీవికి వెళ్లి, జావా అంతా రైళ్లలో తిరిగి, పడవలో సుమత్రా చేరాను. మొత్తం ఐదు నెలలు. టోబా సరస్సు ఒడ్డున పదకొండు రోజులు ఊరికే కూర్చున్నాను. ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేదు. ఆ పదకొండు రోజులూ నా కత్తెర కోసినవే.

ఈసారి మా చిన్నాన్న కూతురు పేరు ఇవ్వాలనుకుంటోంది. నమోదుకు పాస్‌పోర్టుతో పాటు పాన్ కార్డు కూడా కావాలి. మనలో చాలామందికి ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో ఒక్క అక్షరంగా ఉంటుంది. తనకూ అంతే. నిన్ననే పాన్ సవరణకు దరఖాస్తు పెట్టించాను.