ఓమా వాళ్లన్న కోసం హాల్బె దాకా

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కోపం చల్లారదు. రెండో ప్రపంచ యుద్ధంలో జాడ లేకుండా పోయిన, మా ఇంటి యజమానురాలు ఓమా వాళ్లన్నను వెతుక్కుంటూ వెళ్లాం. జర్మనీలో బెర్లిన్‌కు దక్షిణాన, హాల్బె దగ్గర ఒక ఊళ్లో రెండు రాత్రులకు ఇల్లు తీసుకున్నాం. రాత్రికి 62 యూరోలు, కింది అంతస్తు, మెట్లు లేవు అని ఆన్‌లైన్‌లో రాశారు. తీరా వెళ్తే మేడ మీద గది, నిటారుగా చెక్క మెట్లు. మాతో ఉన్నది 88 ఏళ్ల ఓమా. పైగా క్లీనింగ్‌కు 45, పక్కబట్టలకు తలా 12, తువ్వాళ్లకు తలా 4 అన్నారు. ముగ్గురికీ కలిపి 217 యూరోలు వదిలాయి. మా ఆయన ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

డబ్బు పోతే పోయింది. ఆ ఇంటి హాల్లో చూసింది మాత్రం నేను మర్చిపోలేను.

న్యూరెంబర్గ్‌లో మేం అద్దెకుండే ఇల్లు ఓమాది. జర్మన్‌లో అమ్మమ్మనైనా నానమ్మనైనా ఓమా అనే అంటారు. మా పిల్లాడు అలా పిలిచి మాకూ అదే అలవాటు చేశాడు. ఆవిడ అన్న 1926లో పుట్టాడు. 1944లో సైన్యంలోకి తీసుకున్నారు. 1945 వసంతంలో జాడ లేకుండా పోయాడు. ఇంట్లో మిగిలింది బిస్కెట్ల రేకు డబ్బాలో 11 ఉత్తరాలు, 4 ఫొటోలు.

ఆ ఉత్తరాలను ఓమా తన కళ్లతో ఎప్పుడూ చదవలేదని తెలిసి ఆశ్చర్యపోయాను. అన్న బళ్లో సూటర్లిన్ అనే పాత గొలుసుకట్టు రాత నేర్చుకున్నాడు. 1941లో ఆ రాతను పక్కన పెట్టేశారు. ఓమా బడికి వెళ్లింది 1943లో. వాళ్లమ్మ చదువుతుంటే విన్నదే తప్ప, ఆవిడ పోయాక చదివి వినిపించేవాళ్లు లేరు. ఆన్‌లైన్‌లో అడిగితే పేజీకి 12 యూరోలు అన్నారు. చివరికి మా వీధిలోనే ఉండే 94 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ రెండు ఆదివారాలు కూర్చుని అన్నీ చదివిపెట్టారు. డబ్బు తీసుకోలేదు, నేను చేసిన సున్నుండలు మాత్రం ఇష్టంగా తిన్నారు. మీకెవరికైనా ఇలాంటి ఉత్తరాలు దొరికితే ముందు చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగండి.

ఉత్తరాల్లో యుద్ధం తక్కువ. మేజోళ్లు పంపమని, బంగాళాదుంపలు తిని తిని విసుగొచ్చిందని. ఒకదాంట్లో "చిన్నదానికి ముందు పన్ను వచ్చిందా?" అని ఉంది. ఆ చిన్నది ఓమాయే. అది వినగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

కాసేపటికి తిరిగొచ్చి నాతో అన్నారు: "చూడమ్మా, వాడు వేసుకున్నది హిట్లర్ సైన్యం యూనిఫాం. ఏం దొరికినా నాకు చెప్పు. మంచివి ఏరి చెప్పొద్దు."

అప్పటి ఉత్తరాల మీద సైనికుడు ఉన్న చోటు పేరు ఉండదు, ఐదంకెల ఫెల్డ్‌పోస్ట్ (సైనిక తపాలా) నంబరు ఉంటుంది. దాన్నిబట్టి యూనిట్ పట్టుకోవచ్చు. మార్చి 1945 నాటి చివరి ఉత్తరం మీది నంబరు జర్మన్ 9వ సైన్యం వైపు చూపించింది. ఇక బెర్లిన్‌లోని రైనికెన్‌డోర్ఫ్‌లో, సైనికుల వివరాలు బంధువులకు తెలిపే, ఒకప్పుడు వాస్ట్ అని పిలిచిన కార్యాలయం ఉంది. 2019 నుంచి అది ఫెడరల్ ఆర్కైవ్స్‌లో, అంటే జర్మనీ ప్రభుత్వ పాత రికార్డుల సంస్థలో భాగం. కోటీ 80 లక్షలకు పైగా సైనికుల కార్డులు అక్కడున్నాయి. అక్కడి నుంచి సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల నంబరు, మొదటి యూనిట్, ఫిబ్రవరిలో సైనిక ఆసుపత్రిలో చేరినట్టు ఒక వరుస వచ్చాయి. తర్వాత ఏమీ లేదు. రెడ్‌క్రాస్ వాళ్లు తప్పిపోయినవారి ఫొటోలతో వేసిన జాబితాలు కూడా ఆన్‌లైన్‌లో వెతికాం. డబ్బాలో ఉన్న ఫొటోయే అందులోనూ ఉంది. వాళ్లమ్మ అది పంపినట్టు ఓమాకు అప్పటిదాకా తెలియదు.

ఆ 9వ సైన్యం చివరికి చిక్కుకున్నది హాల్బె అడవుల్లో. అందుకే మే నెలలో బయల్దేరాం. బెర్లిన్‌కు ఐసీఈ అనే వేగపు రైల్లో మూడు గంటలు, తలా 29.99 యూరోలు, ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి హాల్బెకు రీజనల్ రైలు. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లకు పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ (2025లో నెలకు 58 యూరోలు) ఉంటే దానికి వేరే ఖర్చు లేదు.

ఇక ఆ హాలు. పొద్దున్నే ఓమా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దించుతుంటే కనబడింది. గోడకు తుప్పుపట్టిన హెల్మెట్లు, బల్ల మీద అట్టపెట్టెలో గుడ్డు ఆకారపు సైనికుల గుర్తింపు బిళ్లలు తొమ్మిది. ఒక్కోటి 40 యూరోలట. అడవిలో దొరికాయని ఇంటాయన గొప్పగా చెప్పాడు. ఆ బిళ్ల మధ్యలో చిల్లుల గీత ఉంటుంది, రెండు సగాల మీదా ఒకే నంబరు. మనిషి చనిపోతే కింది సగం విరిచి కబురుకు పంపేవారు, పై సగం శవంతోనే ఉంచేవారు. ఆ తొమ్మిదిలో ఏడు విరగనివి. అవి ఎముకల దగ్గర నుంచి తీసినవైతే, ఆ ఎముకలు ఎవరివో ఇక తేలడం కష్టం. ఇలా అనుమతి లేకుండా తవ్వడం చట్టవిరుద్ధం కూడా.

ఓమా కళ్లజోడు అడిగి, చేతిసంచిలోంచి నంబరు కాగితం తీసి, ఒక్కొక్క బిళ్లనూ పక్కన పెట్టి చూశారు. తొమ్మిదీ చూశారు. ఏదీ కాదు. "రెండు తీసుకుంటే 70కి ఇస్తాను" అన్నాడతను. "వీళ్ల ఇళ్లవాళ్లకు చెప్పావా?" అని ఓమా అడిగారు. జవాబు లేదు. అప్పటిదాకా ముభావంగా ఉన్న మా ఆయన ఫోన్ తీసి తొమ్మిదింటికీ రెండు వైపులా ఫొటోలు తీశాడు. ఆ రాత్రే ఫోల్క్స్‌బుండ్‌కు పంపాం. 1919 నుంచి యుద్ధ సమాధులు చూసుకునే సంస్థ అది.

హాల్బె అడవి శ్మశానానికి టికెట్ లేదు. 1945 ఏప్రిల్ చివర్లో సోవియట్ ఎర్రసైన్యం వలయంలో చిక్కిన 9వ సైన్యం ఈ అడవుల్లోంచే పడమటికి తప్పించుకోవాలని చూసింది. ఎర్న్‌స్ట్ టైష్‌మన్ అనే పాస్టర్ పూనికతో 1951 నుంచి శవాలను ఇక్కడికి చేర్చారు. 20 వేలకు పైగా ఉన్నారు. పైన్ చెట్ల కింద నేలకు ఆనుకుని చిన్న రాతి పలకలు, చాలావాటి మీద ఒకటే మాట: ఉన్బెకాన్ట్, అంటే ఎవరో తెలియదు. ఇప్పటికీ అడవిలో దొరికినవాళ్లను తెచ్చి పాతిపెడుతూనే ఉన్నారు. ఓమా మూడు వరుసలు నడిచారు. తెచ్చిన పూలు ఏ పలక దగ్గరా పెట్టలేదు. గేటు దగ్గర బెంచీ మీద పెట్టి, "ఇక్కడున్నాడని ఇంకా తెలియలేదుగా" అన్నారు.

మధ్యాహ్నం స్టేషన్ దారిలో తెల్ల ఆస్పరాగస్, ఉడికించిన బంగాళాదుంపలు, కరిగించిన వెన్న, ప్లేటు 19.50. శాకాహారి అయిన మా ఆయన రెండు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

ఫోల్క్స్‌బుండ్ జవాబు వస్తే సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్దామని ఓమా అంటున్నారు. ఈసారి బెర్లిన్‌లోనే దిగుతాం, లిఫ్ట్ ఉన్న చోట.