పాత కారు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక: మెరుపు సరే, దాని కింద క్లియర్ కోట్ ఉందా?

విజయనగరంలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర పదేళ్లు దాటిన ఎర్ర హ్యాచ్‌బ్యాక్ కొన్న తరువాత నాకు ఎదురైన అనుభవాన్ని, ఈ చుట్టుపక్కల పాత కారు కోసం వెతుకుతున్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కొన్న రోజున బానెట్ అద్దంలా ఉంది. ‘ఒరిజినల్ పెయింటేనండీ, పాలిష్ ఒక్కటే పెట్టించాం’ అని వ్యాపారి గట్టిగా చెప్పాడు. వానలు మొదలై, కారును షాంపూతో కొన్నిసార్లు కడిగేసరికి బానెట్ మీదా, పైకప్పు మీదా మెరుపు పోయి, తెల్లటి మచ్చలు బయటపడ్డాయి. వేలితో రుద్దితే, వెల్ల వేసిన గోడకు ఆనుకున్నప్పుడు చొక్కాకు అంటినట్లు, పొడి అంటుకుంది.

ఫోను చేసి అడిగితే వ్యాపారి ఇచ్చిన సమాధానం ఇది: ‘కళింగపట్నం వైపు తిప్పినారేటండీ? ఉప్పుగాలికి అలాగే అయిపోద్ది.’ సముద్రతీరంలో ఉన్న మన జిల్లాలవారికి ఈ మాట నిజమే అనిపిస్తుంది, అందుకే దీనిని కొంచెం వివరంగా చూడాలి. ఉప్పుగాలి ప్రధానంగా దెబ్బతీసేది ఇనుమును. రాయి తగిలి పెయింట్ లేచిపోయిన చోట, తలుపుల అడుగు అంచుల్లో, చక్రాల పైభాగాల లోపల తుప్పు పట్టిస్తుంది. బానెట్, పైకప్పు, డిక్కీ మూత వంటి ఆకాశం వైపు తిరిగి ఉండే భాగాలు మాత్రమే పాలిపోయి, తలుపులు బాగానే ఉన్నాయంటే అది ఏళ్ల తరబడి నీడ లేకుండా ఎండలో నిలబెట్టిన బండి అని అర్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి పెయింట్‌లోని రెజిన్‌ను, అంటే రంగును పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని, క్రమంగా విరగ్గొడతాయి. అలాంటి నష్టం కొన్ని వారాల్లో జరిగేది కాదు, కనుక నేను కొనకముందే అది అక్కడ ఉంది.

ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి రంగు పొర మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. కంపెనీ వేసిన పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటే, అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. పై పొర మాత్రమే పాలిపోయినప్పుడు కాంపౌండ్ (అరగదీసే పాలిష్ పేస్టు) పెట్టి ఆ కొద్దిపాటి చచ్చిన పదార్థాన్ని అరగదీస్తే నిజంగానే రంగు తేరుకుంటుంది; కానీ క్లియర్ కోట్ పొట్టులా లేచిపోయిన చోట అరగదీయడానికి ఇంకేమీ మిగలదు, ఏ పాలిష్‌తోనూ అది తిరిగి రాదు. అమ్మకందార్లు చేసేదేమిటంటే, నూనెలూ సిలికాన్లూ కలిసిన గ్లేజ్ పూసి ఆ రెంటికీ తేడా తెలియకుండా చేయడం. అది గీతల్లోనూ గుంటల్లోనూ నిండి కొన్ని వాష్‌ల వరకు మెరుస్తుంది.

దీనిని పట్టుకోవడం కష్టం కాదు, కానీ కారును షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద కాకుండా ఉదయపు ఎండలో చూపించమని పట్టుబట్టాలి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని గుడ్డ మీద తీసుకుని బానెట్ మూలన ఒక చిన్న చోట తుడిస్తే గ్లేజ్ లేచిపోయి అసలు రంగు కనిపిస్తుంది. ఆ తరువాత అక్కడే నీళ్లు చల్లండి: తడిసినప్పుడు రంగు నిండుగా వచ్చి, ఆరగానే మళ్లీ పాలిపోతే అది పై పొర ఆక్సిడేషన్ కావచ్చు, పాలిష్‌కు లొంగే అవకాశం ఉంది. మచ్చ అంచు మీద గోరు తగిలి ఆగితే అక్కడ క్లియర్ కోట్ ఊడిపోయిందని భావించి, బానెట్‌కూ పైకప్పుకూ మళ్లీ పెయింట్ వేయించే ఖర్చును బేరంలోంచి తగ్గించాలి. రబ్బరు బీడింగ్‌ల దగ్గరా, నంబరు ప్లేటు చుట్టూ, సందుల్లో తెల్లగా ఎండిపోయిన కాంపౌండ్ కనిపిస్తే ఈమధ్యే ఎవరో గట్టిగా రుద్దారన్నమాట. పెయింట్ మందం కొలిచే గేజ్ తెచ్చుకోగలిగితే మంచిదే, అయితే అది మొత్తం మందాన్నే చెబుతుంది, అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచేయదు. ఒక భాగంలో మాత్రం 300 మైక్రాన్లు దాటిందంటే తిరిగి పెయింట్ వేశారని, ఇంకా చాలా ఎక్కువైతే కింద పుట్టీ ఉందని అనుమానించాలి.

నా ఇబ్బంది కారు కొనడంతో ఆగలేదు. శ్రీకాకుళంలో కార్లను శుభ్రం చేసి మెరుగుపెట్టే ఒక డిటెయిలింగ్ షాపువారు ‘కాంపౌండ్ పెట్టి సెరామిక్ కోటింగ్ వేస్తే కొత్త కారు’ అన్నారు. సెరామిక్ కోటింగ్ చాలా పలుచని పొర. కింద ఉన్నదానిని ఉన్నట్టుగా మూసి ఉంచుతుందే తప్ప ఊడిపోయిన క్లియర్ కోట్‌కు బదులు కాలేదు. ఆ సంగతి వాళ్లు చెప్పలేదు. పైగా ఊలు ప్యాడ్ తగిలించిన రోటరీ మెషిన్‌ను బానెట్ అంచు మీద ఎక్కువసేపు ఆపడంతో అక్కడ వేడెక్కి, రంగు కూడా అరిగి, దాని కింద వేసే ప్రైమర్ పొర కనిపించింది. అంచుల్లో పెయింట్ పలుచగా ఉంటుందని, అక్కడ టేపు వేసి పని చేయాలని ఈ పని తెలిసిన ఎవరైనా చెబుతారు. కాబట్టి పూర్తి పని ఒప్పుకునే ముందు బానెట్ మీద అరచేయంత చోట చేసి చూపించమనండి. ఆ చిన్న ముక్క తేరుకోకపోతే మిగతాదానికి డబ్బు కట్టవద్దు. తిరిగి పెయింట్ వేయించాల్సి వస్తే, ఊడిన అంచు మీదే కొత్త క్లియర్ కొట్టనివ్వకండి, గట్టి పొర వచ్చేదాకా సాండింగ్ చేయించి, హార్డెనర్ కలిపే 2కే క్లియర్ కావాలని అడగండి. రంగునే మార్చాలనుకుంటే ఆర్‌సీలో మార్పు నమోదు తప్పనిసరి.

వ్యాపారి ‘ఒరిజినల్ పెయింట్’ అన్న మాటను బిల్లు మీదో, వాట్సాప్‌లోనో రాయించుకున్నవారికి ఆధారం ఉంటుంది. వస్తువులో లోపానికీ సేవలో లోపానికీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. నేను వ్యాపారికీ షాపుకూ రెండు వేర్వేరు నోటీసులు పంపాను, షాపు వారు బానెట్ వరకు పెయింట్ వేస్తామని ఒప్పుకున్నారు, వ్యాపారి నుంచి ఇంకా సమాధానం రాలేదు.