జేడ్ మొక్క: ఏళ్ల తరబడి పెంచాక నా సమీక్ష

జేడ్ మొక్క గురించి తరచుగా వినిపించే ప్రశంస, పట్టించుకోకపోయినా అది బతుకుతుందన్నది. కొన్నేళ్లుగా ఇంటి లోపల ఒకటి, ఆరుబయట ఒకటి పెంచుతున్న నేను ఈ ప్రశంసలో సగాన్నే అంగీకరిస్తాను. ఈ మొక్కకు చాకిరీ తక్కువే గాని, కనిపెట్టి చూడటం మాత్రం ఎక్కువే కావాలి. రోజూ నీళ్లు కోరదు, తరచూ ఎరువు కోరదు, ఏటా కుండీ మార్చవలసిన పని ఉండదు. అయితే తన ఇబ్బందిని చాలా ఆలస్యంగా బయటపెడుతుంది, అప్పుడు కూడా రెండు పూర్తి విరుద్ధమైన బాధలకు ఒకే లక్షణం చూపుతుంది.

ముందుగా ఏ మొక్క గురించి చెబుతున్నానో స్పష్టం చేయాలి. నేను పెంచుతున్నది క్రాసులా ఒవాటా. దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌లలో పుట్టిన మొక్క, అక్కడ సహజంగా 2.5 మీటర్ల దాకా పొదలా ఎదుగుతుంది. జేడ్ అనే పేరుతోనే పోర్టులకేరియా ఆఫ్రా అనే మరో మొక్కను కూడా చాలాచోట్ల అమ్ముతారు. దాని ఆకులు బాగా చిన్నవి, కాండం ఎర్రగా ఉంటుంది, కొమ్మలు సన్నగా వంగుతాయి. అది వేగంగా పెరుగుతుంది, నీళ్ల విషయంలో కొంత అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. క్రాసులా ఆకులు 3 నుంచి 9 సెంటీమీటర్ల పొడవున మందంగా, నున్నగా ఉంటాయి. ఒకదానికి చెప్పిన సలహాను రెండోదానికి పాటించడం వల్ల వచ్చే గందరగోళం తక్కువేమీ కాదు.

ఈ మొక్కకు నీళ్లు ఎందుకు అంత తక్కువ సరిపోతాయో తెలిస్తే సగం సమస్యలు తలెత్తవు. చాలా మొక్కల్లా ఇది పగటిపూట పత్రరంధ్రాలను తెరవదు. రాత్రి చల్లదనంలో వాటిని తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, మాలిక్ ఆమ్లం రూపంలో దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని ఆ నిల్వతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. అందువల్ల ఎండవేళ ఆవిరయ్యే నీరు చాలా తక్కువ. ఉన్న నీరు ఆకుల్లోనే నిల్వ ఉంటుంది. ఇటువంటి మొక్కకు వారానికి ఇన్నిసార్లు అని లెక్క పెట్టి నీళ్లు పోయడం సరికాదు. కుండీ అడుగుదాకా మట్టి ఎండిందని పుల్ల గుచ్చి చూసుకున్నాక, లేదా కుండీ ఎత్తి బరువు తగ్గిందని గమనించాక, అడుగు రంధ్రం నుంచి బయటికి కారేంతగా ఒక్కసారి పోసి, మళ్లీ ఎండేదాకా వదిలేయడమే నాకు కుదిరిన పద్ధతి.

ఇక అసలు చిక్కు ముడతలు పడిన ఆకులతో వస్తుంది. దాహం వేసినా ఆకు ముడతపడుతుంది, నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా ముడతపడుతుంది, ఎందుకంటే కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. తేడా తెలుసుకోవడానికి ఆకునొక్కదాన్నే చూస్తే చాలదు, మట్టిని కూడా చూడాలి. మట్టి పొడిగా ఉండి, ఆకు పలచబడినా కొమ్మను గట్టిగా పట్టుకుని ఉంటే అది దాహమే. నీళ్లు పోసిన కొద్ది రోజుల్లో ఆకు తిరిగి ఉబ్బుతుంది. మట్టి తడిగా ఉండగానే ఆకులు పసుపుపచ్చగా, మెత్తగా మారి, వేలు తగలగానే రాలిపోతుంటే, కాండం మొదలు నొక్కితే లోపలికి పోతుంటే, అది వేరు కుళ్లు. ఈ స్థితిలో ముడతలు చూసి మరికొన్ని నీళ్లు పోయడం మొక్కను చేజేతులా చంపుకోవడమే.

కుళ్లు మొదలైన మొక్కను కాపాడటం గురించి నా అభిప్రాయం కొంత కఠినంగా ఉంటుంది: కాండం మొదలు మెత్తబడితే కింది భాగం మీద ఆశ వదులుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కొమ్మలను శుభ్రమైన కత్తితో కోసి, కోసిన ముఖం మీద గోధుమరంగు మచ్చ ఏమాత్రం కనిపించినా ఇంకొంచెం పైకి కోస్తూ, తెల్లగా లేదా ఆకుపచ్చగా శుభ్రమైన కణజాలం కనిపించేదాకా వెళ్లాలి. ఆ తర్వాత వాటిని నీడలో కొన్ని రోజులు ఆరబెట్టి, గాయం పెచ్చుకట్టాకే పొడి మిశ్రమంలో నాటాలి. ఈ విషయంలో మాత్రం జేడ్‌కు పూర్తి మార్కులు వేస్తాను. కొమ్మలు చాలా తేలికగా వేళ్లు తొడుగుతాయి, ఒక్క ఆకు నుంచి కూడా కొత్త మొక్క వస్తుంది. కాకపోతే ఆకు నుంచి వచ్చేది చూడదగినంత మొక్క కావడానికి చాలా ఓపిక కావాలి.

సక్యులెంట్ (ఆకుల్లో, కాండంలో నీటిని దాచుకునే మొక్క) మిశ్రమం పేరుతో దొరికే మట్టి సంచులు నన్ను మెప్పించలేదు. వాటిలో ఎక్కువ భాగం పీట్, అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు పదార్థం ఉంటుంది. అది తడిస్తే చాలాకాలం ఆరదు, పూర్తిగా ఆరితే మళ్లీ నీళ్లను పీల్చుకోదు. అందులో దాదాపు సగం మేర పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు), ప్యూమిస్ (గుల్లగా ఉండే అగ్నిపర్వత రాయి) లేదా ముతక ఇసుక కలిపాకే మొక్క స్థిమితపడింది. సన్న ఇసుక పనికిరాదు, అది గాలి ఆడే ఖాళీలను పూడ్చేస్తుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం కూడా నిజం కాదు. నీరు రాళ్ల పొరకు పైన ఉన్న మట్టిలోనే ఆగుతుంది. మట్టి కుండీ త్వరగా ఆరుతుంది, పైగా దాని బరువు వల్ల తలబరువైన ఈ మొక్క పక్కకు ఒరగదు.

నీళ్లకంటే వెలుతురు ముఖ్యమని చాలాకాలం పెంచాకే నిర్ధారణకు వచ్చాను, ఎందుకంటే నీటి అవసరాన్ని నిర్ణయించేది వెలుతురే. మసక వెలుతురులో మొక్క తక్కువ తాగుతుంది కనుక, ఎండలో సరిపోయిన అదే నీరు అక్కడ వేళ్లను కుళ్లబెడుతుంది. వెలుతురు చాలకపోతే కణుపుల మధ్య దూరం పెరిగి, కొమ్మలు సన్నగా సాగి వాలిపోతాయి. సాగిన కొమ్మ మళ్లీ కురచ కాదు. కణుపుకు కాస్త పైన కత్తిరించడమొక్కటే మార్గం, అక్కడినుంచి సాధారణంగా రెండు చిగుళ్లు వేసి గుబురవుతుంది. బలమైన ఎండలో ఆకు అంచులు ఎర్రబడటం రోగం కాదు, నాకైతే అది అందం. అయితే లోపలి మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులపై పొడి మచ్చలు పడి శాశ్వతంగా ఉండిపోతాయి కనుక, క్రమంగా అలవాటు చేయాలి. మంచు గడ్డకట్టే చలిని మాత్రం ఇది భరించలేదు.

పురుగుల్లో నన్ను ఎక్కువగా విసిగించింది పిండినల్లి. ఆకు కొమ్మకు అంటుకునే మూలల్లో దూదిలా కనిపించే దీనిని, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటిగా తుడవాలి, కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ చూడాలి. సబ్బు ద్రావణాలు, నూనెలు ఆకు మీది మైనపు పొరను దెబ్బతీయగలవు కనుక ముందు ఒక చిన్న కొమ్మ మీద పరీక్షించడం మంచిది. అయితే తెల్లగా కనిపించేదంతా పురుగు కాదు. ఆకు ఉపరితలంపై చిన్న చుక్కలుగా గట్టిగా అంటుకుని ఉండేవి నీటిలోని లవణాలు. ఆకుల సూక్ష్మ రంధ్రాల నుంచి నీరు ఊరి ఆరిపోయాక అవి మిగులుతాయి. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వీటికి మందు కొట్టే వారిని చూశాను, పాపం మొక్క.

పూల విషయంలో ఆశలు పెంచుకోవద్దని చెబుతాను. ముదిరిన మొక్కకు పగటికాలం తగ్గి, రాత్రులు చల్లబడి, నీళ్లు తగ్గినప్పుడే నక్షత్రాల్లాంటి చిన్న తెల్లని, లేత గులాబీ పూలు వస్తాయి. నా ఆరుబయటి మొక్క పూసింది. రాత్రిపూట కూడా దీపాలు వెలిగే వెచ్చని గదిలో ఉన్నది ఇంతవరకు పూయలేదు.

పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్లకు దీనిని సిఫారసు చేయను, తింటే వాటికి వాంతులు, నీరసం, నడక తడబాటు కలుగుతాయి. మొక్కలకు రోజూ నీళ్లు పోస్తేగాని తృప్తిపడని వారికి కూడా ఇది తగదు. మిగిలినవారు కొనేటప్పుడు ఆకుల నిగారింపుకు మురిసిపోకుండా, కాండం మొదలును వేలితో నొక్కి గట్టిగా ఉందో లేదో చూసి, ఆకు మూలల్లో దూది లేదని నిర్ధారించుకుని, మట్టి తడిసి ముద్దగా ఉంటే ఆ కుండీని అక్కడే వదిలేసి రావాలి.